గోదావరి ఆవలి ఒడ్డు: మధ్యయుగ చరిత్రలో యువ పరిశోధకుల సదస్సులు

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఈవలి ఒడ్డు తెలంగాణ, ఆవలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. దిగువన సోమ్నూరు దగ్గర ఇంద్రావతి కూడా వచ్చి చేరుతుంది. దాని ఆవల ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలను మధ్యయుగ చరిత్రలో కొత్తగా పరిశోధనకు దిగినవారు అరుదుగా పట్టించుకుంటున్నారు. కారణం వారి అశ్రద్ధ అనుకోను. పరిశోధకులను ఒకచోట చేర్చవలసిన సదస్సులను మనం నడుపుతున్న తీరులో ఆ కారణం ఉంది.

ముందు ఈ హద్దుల వయస్సు గమనించాలి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిషువారికి ఇచ్చాడు. సిరోంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లా రద్దయి భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు పోయాయి. 1909లో నూగూరు, అల్బాక, చర్ల కూడా పోయాయి. సిరోంచ మాత్రం చాందా జిల్లాలో మిగిలి, 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. గడ్చిరోలి జిల్లా 1982లో పుట్టింది. కాకతీయుల కాలానికి ఇందులో ఒక్క గీత కూడా లేదు. అయినా మన శాసన సంపుటాలు ఈ గీతలను బట్టే తయారయ్యాయి. కాళేశ్వరం వైపు వాటికి పరబ్రహ్మశాస్త్రిగారు పరిష్కరించిన కరీంనగర్ జిల్లా సంపుటం (1974) చూడాలి. ఆవలి ఒడ్డుకు హీరాలాల్ సెంట్రల్ ప్రావిన్సులు, బేరారు శాసనాలకు కూర్చిన పట్టిక (1916) చూడాలి. మొదటిది తెలుగు విద్యార్థి చేతిలో ఉంటుంది, రెండోది నాగపూరు విద్యార్థి చేతిలో. ఒకరి పుస్తకం ముగిసిన చోట మరొకరిది మొదలవుతుందని ఇద్దరికీ తెలియదు.

దీనివల్ల ఏం నష్టమో బార్సూరు చెబుతుంది. ఇంద్రావతి తీరాన, నేటి దంతెవాడ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఛిందక నాగుల కేంద్రాల్లో ఒకటి. అక్కడ 1060 ప్రాంతపు తెలుగు శాసనం ఒకటి దొరికింది. జగదేకభూషణుడి సామంతుడు చంద్రాదిత్యుడు గుడి కట్టించి చెరువు తవ్వించిన సంగతి అందులో ఉంది. నన్నయ కాలానికి దగ్గరి తెలుగు అది. బస్తరు అడవిలో ఒక సామంతుడు తన దానాన్ని ఏ చదువరుల కోసం తెలుగులో రాయించాడు? భాషాశాస్త్రజ్ఞుడికీ చరిత్రకారుడికీ సమానంగా పనికివచ్చే ప్రశ్న ఇది. కాని ఆ శాసనం తెలుగు జిల్లాల సంపుటాల్లో ఉండదు గనుక తెలుగు విద్యార్థికి కనబడదు. తెలుగులో ఉంది గనుక రాయపూరు విద్యార్థికి చదవరాదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే తప్ప ఆ ప్రశ్న పుట్టదు.

అలా కూర్చోబెట్టడమే సదస్సు పని. అమెరికాలో కలమజూలో 1962 నుంచీ, ఇంగ్లండులో లీడ్స్‌లో 1994 నుంచీ యూరపు మధ్యయుగాల మీద పెద్ద సదస్సులు జరుగుతున్నాయి. వాటి కొలత తెలిసిందే: గంటన్నర గోష్ఠి, సుమారు ఇరవై నిమిషాల చొప్పున మూడు పత్రాలు, మిగిలిన సమయం ప్రశ్నలకు. పరిశోధక విద్యార్థి పత్రం పేరున్న ఆచార్యుల పత్రం పక్కనే ఉండవచ్చు. మన దేశంలో 1935లో పుణెలో మొదలైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ ఉంది, 1974లో ఏర్పడిన భారతీయ శాసన పరిశోధకుల సంఘం ఉంది. సంస్థలకు కొరత లేదు.

కొరత వ్యవధికి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనల్లో, సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు రెండు సదస్సుల్లో పత్రం చదవడం తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే. కాని సదస్సు పేరున ధ్రువపత్రాలు పంచే సభలకు అది బాగా కలిసివచ్చింది. ఒక పూటలో పాతిక పత్రాలు పెట్టుకుంటే అయిదేసి నిమిషాలకు గంట కొట్టక తప్పదు. విద్యార్థి సంచీ, కలం, ధ్రువపత్రం పుచ్చుకుని బస్సెక్కుతాడు. 2022 నిబంధనలు ఆ షరతును తీసేశాయి. ధ్రువపత్రం అక్కరలేనివాడు సభకు ఎందుకు వస్తాడన్నది నిర్వాహకులు ఇప్పుడైనా ఆలోచించాలి. తన రాయిని మరొకరు చదువుతారంటే వస్తాడు.

సిరోంచలో ఒక సభ పెట్టవచ్చునని నేననడం అందుకే. పత్రాలు పది చాలు. వాటిని నెల ముందే పంచాలి; సభలో రచయిత చదవకూడదు, ఇంకొకరు సంగ్రహంగా చెప్పి ప్రశ్న వేయాలి. పొద్దున పూట శాసనాల ఎస్టాంపేజీలు బల్లమీద పరిచి చదవాలి. పదకొండో శతాబ్దిలో తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటే గనుక ధార్వాడ నుంచి ఒకరిని పిలవడం వృథా కాదు. మరునాడు ఏరు దాటి కాళేశ్వరం, ఆ పైన మంథని. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం (1163) రుద్రదేవుడి రాజ్యానికి ఉత్తరపు హద్దుగా మాల్యవంతాన్ని చెబుతుంది. ఆ మాటను గ్రంథాలయంలో పటం మీద వెతకడం కన్నా ఈ ఒడ్డున నిలబడి చర్చించడం మేలు. (1206తో మధ్యయుగం మొదలుపెట్టే పాఠ్యప్రణాళికల లెక్కలో ఆ శాసనం ప్రాచీనం, యాభై ఏళ్ళ తరవాతి రామప్పగుడి మధ్యయుగం! ఈ తగవుకు ఒక పూట కేటాయించినా తప్పులేదు.)

ఈ సభకు ముందుగా పిలవవలసినవారు సిరోంచలోనే ఉన్నారు. అక్కడి తెలుగు ఇళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదువుతారు. వారిలో చాలామందికి దేవనాగరి వచ్చు, తెలుగు లిపి రాదు. పొరుగున గోండి, మాడియా వినబడతాయి. శాసనాల్లో దానమిచ్చిన ఊళ్ళ పేర్లు చదవడానికి ఆ చెవి ఎంత అవసరమో చెప్పలేను. మన ‘నాడు’ గోండిలో ‘నార్’. అక్కడ దాని అర్థం దేశం కాదు, ఊరు. ఇది తెలియని పరిశోధకుడు ఒక గ్రామదానాన్ని నాడుదానం చేసేయగలడు. 2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయం పరిధిలో చదివే ఇలాంటి పిల్లలకు నాలుగు రోజులు తెలుగు లిపి, పాత అక్షర రూపాలు నేర్పితే హైదరాబాదు విద్యార్థికన్నా ముందుకు పోతారు.

చర్చ ఏ భాషలో అని అడుగుతారు. తెలుగు, మరాఠీ, హిందీ, ఎవరికి వచ్చినది వారు. అనువదించడానికి ఇద్దరుంటే చాలు. కాలం మాఘ, ఫాల్గుణాలైతే మంచిది. ఎండలు ముదరవు, ఏటి ఒడ్డున తిరగవచ్చు.