తొలగింపూ నిర్మాణమే

మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం గ్రహించగల సూచనలుగా మార్చే సాధనం కంపైలర్. ఈ మార్పు ఒక్కసారిగా జరగదు. ప్రోగ్రాము అనేక దశలను దాటుతుంది. ఫలితాన్ని మార్చకుండా వేగాన్ని పెంచే దశలు కూడా వాటిలో ఉంటాయి. అటువంటి ఒక్కొక్క దశను ‘పాస్’ అంటారు.

2000లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో ఆరంభమైన ఎల్.ఎల్.వి.ఎం. అనే కంపైలర్ వ్యవస్థలో ‘కాన్‌స్ట్‌ప్రాప్’ అనే పాస్ ఉండేది. 24ను 60తో గుణించవలసిన సూచన కనిపిస్తే, అది ముందుగానే 1440 అని లెక్కకట్టి ఉంచేది. ప్రోగ్రాము నడిచేటప్పుడు యంత్రానికి ఆ శ్రమ తప్పేది. కాలక్రమంలో ‘ఇన్‌స్ట్‌సింప్లిఫై’ అనే మరొక పాస్ ఈ పనిని కూడా చేయసాగింది. అంతేకాక, ఏ సంఖ్యకు సున్నా కలిపినా అదే సంఖ్య వస్తుందనే సూత్రం వంటివి కూడా దానికి తెలుసు.

అయినా, పనిచేస్తున్న పాత పాస్‌ను తొలగించడం ఎందుకు? కంపైలర్ లోపలి నిర్మాణం మారినప్పుడల్లా ప్రతి పాస్‌నూ సవరించాలి, పరీక్షించాలి. ఒకే పనికి రెండింటిని పోషించడం వృథా. అందుకే 2020లో కాన్‌స్ట్‌ప్రాప్‌ను తొలగించారు.

అయితే కోడ్‌ను చెరిపివేయడంతో బాధ్యత తీరదు. పాత పాస్‌పై ఆధారపడిన పరీక్షలను కొత్తదానికి మార్చాలి. వివరణ పత్రాల నుంచి దాని పేరును తీసివేయాలి. లేకపోతే, ఆ పత్రాన్ని నమ్మి ఆ పేరును టైపు చేసిన విద్యార్థికి దోష సందేశమే ఎదురవుతుంది. తప్పు తనదేనని అతడు భ్రమపడతాడు. వంతెన కూలిన దారిని ఇంకా చూపుతున్న ఫలకం బాటసారికి మేలు చేయదు.