డబ్బా చేపలు: ముల్లు తీయకండి, లేబుల్ చదవండి

కువైట్, దుబాయి, మస్కట్‌ల నుండి సెలవుకు వచ్చేవారి సామానులో ఖర్జూరం, సబ్బులు, పాలపొడితో పాటు టమాటా సాస్‌లో వేసిన సార్డీన్ చేపల డబ్బాలు కూడా తరచు కనిపిస్తాయి. అక్కడ పనిచేసే మనవారికి ఇవి కొత్తవి కావు. డ్యూటీ దిగి గదికి వచ్చి, వంటకు ఓపిక లేక, ఒక డబ్బా తెరిచి రెండు ఖుబ్బూస్ రొట్టెలతో భోజనం కానిచ్చే వారు ఎందరో. ఇంటి దగ్గర ఉన్నవారికే అనుమానాలు. ఎన్నాళ్ళ క్రితం పట్టిన చేపో, నిల్వకు ఏం మందు కలిపారో, బి.పి. ఉన్న అత్తగారికి పెట్టవచ్చా అని మమ్మల్ని అడుగుతుంటారు. ఇప్పుడు మన పట్టణాల్లోని పెద్ద దుకాణాల్లో కూడా ఇవి దొరుకుతున్నాయి కనుక, ఈసారి వీటి గురించి కొంచెం వివరంగా చెప్పదలచాము.

సార్డీన్ అంటే ఏదో విదేశపు వింత చేప అనుకోకండి. మన తీరంలో దొరికే కవళ్ళు ఈ కుటుంబానివే. మొరాకో నుండి వచ్చే డబ్బాల్లో ఉండేది అట్లాంటిక్ సముద్రపు సార్డీన్. ఫిలిప్పీన్స్ డబ్బాల్లో ఉండేది సార్డినెల్లా, అంటే మన నూనె కవళ్ళకు మరీ దగ్గరి చుట్టం. ఏ చేపను సార్డీన్ అని పిలవాలన్న దానిపై పెరూ దేశం యూరోపియన్ యూనియన్‌తో ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళి, 2002లో గెలిచింది కూడా. కొన్ని డబ్బాల్లో సార్డీన్‌కు బదులు మాకెరెల్, అంటే కానాగంత ఉంటుంది. అదీ మంచి చేపే, కాని ఏది కొంటున్నారో చదివి కొనండి.

నిల్వ మందు సంగతి. సాధారణంగా ఈ డబ్బాల్లో నిల్వ మందు అవసరం ఉండదు. తల, పేగులు తీసిన చేపను డబ్బాలో పేర్చి, సాస్ పోసి, గాలి చొరకుండా మూత బిగిస్తారు. తరువాత ఆ మూసిన డబ్బాను పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో సుమారు 116 నుండి 121 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. లోపలి క్రిములు చస్తాయి, బయటి క్రిములు లోపలికి పోలేవు. అంతే రహస్యం. ఇలా మూసి ఉడికించే పద్ధతిని నికొలా అపేర్ అనే ఫ్రెంచి వంటవాడు 1810లో పుస్తకంగా ప్రకటించాడు. క్రిముల వల్ల ఆహారం పాడవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఈ వేడికే చేప ముల్లు కూడా మెత్తబడుతుంది. వేలితో నొక్కితే పొడి అవుతుంది. చాలామంది అలవాటు కొద్దీ వెన్నుముల్లును ఏరి పారేస్తారు. మేము ముఖ్యంగా చెప్పదలచింది ఇదే: దాన్ని తీయకండి. డబ్బా చేపలోని కాల్షియం ఎక్కువగా ఆ ముల్లులోనే ఉంటుంది. ముల్లుతో సహా తింటే 100 గ్రాములకు సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది. అంతే పాలలో ఉండేది 120 మిల్లీగ్రాములే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు కావాలి. పాలు అరగని పెద్దవారికి, కాలు జారితే తుంటి విరుగుతుందేమో అని భయపడే అమ్మమ్మలకు ఇది చిన్న విషయం కాదు. పైగా 100 గ్రాములకు 20 గ్రాముల మాంసకృత్తులు, గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు, బి12, డి విటమిన్లు లభిస్తాయి. చిన్న చేప కనుక పాదరసం తక్కువ. గర్భిణులు వారానికి రెండుసార్లు తినవచ్చు. అయితే పచ్చి కవళ్ళు వండుకున్నప్పుడు మామూలుగా ముల్లు తినలేము కాబట్టి, కాల్షియం విషయంలో మాత్రమే డబ్బాది పైచేయి. విశాఖ, కాకినాడ వంటి చోట్ల తాజా కవళ్ళు దొరికే రోజున డబ్బా కొనవలసిన పని లేదు.

ఇక చిక్కంతా ఉప్పుతోనే. కంపెనీని బట్టి మారుతుంది కాని, 100 గ్రాములకు 400 మిల్లీగ్రాముల సోడియం సాధారణం. 155 గ్రాముల గుండ్రటి డబ్బా ఒక్కరే తింటే సుమారు 620 మిల్లీగ్రాములు. రోజంతటికీ 2000 మిల్లీగ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పక్కన ఆవకాయ, అప్పడం కూడా ఉంటే లెక్క మీరే వేసుకోండి. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు సగం డబ్బా, సాస్ వంచేసి, ఎప్పుడైనా ఒకసారి తినవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా తినవద్దు. వారికి ఉప్పే కాదు, ముల్లులోని భాస్వరం, టమాటాలోని పొటాషియం కూడా ఇబ్బందే. యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్ళు వాచేవారు వీటికి దూరంగా ఉండాలి.

కొనేటప్పుడు డబ్బాను చేతిలో తిప్పి చూడండి. తేదీ, నికర బరువు, సోడియం అంకె చదవండి. అంచు కుట్టు దగ్గర సొట్ట ఉన్నా, తుప్పు పట్టి కారుతున్నా వదిలేయండి. మూత ఉబ్బి ఉంటే, తెరవగానే బుస్సుమని చిమ్మితే, రుచి కూడా చూడకుండా పారేయండి; కుక్కకూ పిల్లికీ పెట్టవద్దు. బొటులిజం అనే విషం అరుదు, కాని ప్రాణాంతకం. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడడం, మింగలేకపోవడం దాని గుర్తులు. తెల్లవారాక చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఒక భోజనశాలవారు తామే సీసాల్లో నిల్వ పెట్టిన సార్డీన్లు తిని పదిమందికి పైగా జబ్బు పడ్డారు, ఒకామె చనిపోయింది. అది ఫ్యాక్టరీ డబ్బా కాదు. అందుకే ఇంట్లో చేపలను ఉడికించి సీసాల్లో మూసిపెట్టే ప్రయోగాలు వద్దంటున్నాము.

తెరిచిన డబ్బా మాత్రం మామూలు కూరతో సమానం. మిగిలిన చేపను స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయాలి. కరెంటు పోయే ఊళ్ళలో అదే పూట ముగించడం మేలు. బయట వదిలేస్తే ఈ జాతి చేపల్లో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎంత మరగబెట్టినా అది పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి.

క్షయ మందులు వాడేవారు దీన్ని మరింత శ్రద్ధగా చదవాలి. ఆ మందుల్లోని ఐసోనియజిడ్, శరీరం హిస్టమిన్‌ను తొలగించకుండా అడ్డుపడుతుంది. అందువల్ల ఇతరులకు పడిన చేపే వీరికి గుండెదడ, ఒళ్ళు ఎర్రబడడం కలిగించవచ్చు. అలా జరిగితే మందు పడలేదని మానేసే ప్రమాదం ఉంది. కోర్సు పూర్తయ్యేదాకా మానవలసింది డబ్బా చేపనే, మందును కాదు. ఏ ఇబ్బంది వచ్చినా వచ్చి చూపించుకోండి.

వండడం తేలిక. చేప ఇదివరకే ఉడికింది కనుక డబ్బాను చివరలో కలపాలి. కొద్ది నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, కరివేపాకు వేయించి, పసుపు, కారం చల్లి, అరగ్లాసు నీళ్ళు పోసి మరగనివ్వండి. అప్పుడు చేపను సాస్‌తో సహా జార్చి నాలుగైదు నిమిషాలు సన్నసెగన ఉంచండి. బి.పి. వారికైతే చేప మాత్రమే వేసి, సాస్‌కు బదులు రెండు తాజా టమాటాలు వాడండి. గరిటె పెట్టకుండా, పులుసు చేసినట్టే గిన్నెను తిప్పండి, లేకుంటే చేప చిదికిపోతుంది. చింతపండు అక్కరలేదు, ఉప్పు అసలే వద్దు. ఫిలిప్పీన్స్‌వారు ఇందులో వెల్లుల్లి, గుప్పెడు మునగాకు వేస్తారు. గల్ఫ్‌లో వారితో కలిసి పనిచేసిన మనవారికి ఆ రుచి తెలిసే ఉంటుంది. మునగాకు మన పెరట్లోదే. దించే ముందు వేసి మూత పెడితే చాలు, వేడి అన్నంలోకి బాగుంటుంది. మూసిన డబ్బాను మాత్రం పొయ్యి మీద పెట్టకండి, పేలుతుంది. రింగు లాగి తీసే మూత అంచు బ్లేడులా ఉంటుంది కనుక షుగరు ఉన్నవారు వేరొకరిచేత తీయించుకోవాలి.