స్ప్రింగు కింది పళ్లెం తిరిగితే?

ఆగి ఉన్న కారు ముందు చక్రం వెనక ఓసారి వంగి చూడండి. లావాటి స్ప్రింగు, దాని నడుమ షాకబ్జర్ కలిసి ఒకే కంబంలా కనిపిస్తాయి. అదే స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు 1940లలో రూపొందించిన ఈ పద్ధతే మన మారుతీ 800 ముందు చక్రాలకూ వచ్చింది.

బరువు మోసేది స్ప్రింగు. అదొక్కటే ఉంటే గుంతలో పడ్డ కారు ఊగుతూనే ఉంటుంది. షాకబ్జర్‌లోని పిస్టన్ నూనెను సన్నటి రంధ్రాల గుండా నెట్టి ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది.

మామూలు స్ట్రట్‌లో స్ప్రింగు కూర్చునే పళ్లెం షాకబ్జర్ గొట్టానికే అతికి ఉంటుంది. ఎత్తు మార్చుకోగలిగే కాయిలోవర్ అనే రకంలో గొట్టం చుట్టూ బోల్టుకున్నట్టు మరలుంటాయి. పళ్లెం వాటి మీద తిరుగుతుంది: పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే కుంగుతుంది. ఎంత చక్కటి ఆలోచన!

ఇంట్లో విప్పొచ్చా? మీరు మాత్రం విప్పొద్దు. కారును జాకీ మీద లేపినా స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. పై నట్టు ఊడితే ప్రాణం తీసేంత జోరుతో ఎగురుతుంది. అందుకే మెకానిక్ ముందు దాన్ని స్ప్రింగు కంప్రెసర్ అనే పనిముట్టుతో నొక్కి బిగించి, తర్వాతే నట్టు ముడతాడు. పళ్లెం తిప్పి ఎత్తు మారిస్తే చక్రం వాలూ మారుతుంది. అలైన్‌మెంటు చేయించకపోతే టైరు ఒక పక్కే అరుగుతుంది. కారును మరీ దించితే చేల బాటల్లో నడిమి దిబ్బ అడుగుభాగాన్ని గీకేస్తుంది.