ఊరందరి కారు అంబాసిడర్
57 ఏళ్లు తిరిగి 2014లో ఆగిన చరిత్ర

మండపేట: పెళ్లికొడుకు ఊరేగింపుకు అదే కారు. పురిటి నొప్పులు పడుతున్న ఆడకూతురిని అర్ధరాత్రి కాకినాడ పెద్దాసుపత్రికి చేర్చడానికీ అదే కారు. రైసుమిల్లు యజమానికీ, తహశీల్దారుకూ, టాక్సీ స్టాండులో కిరాయి కోసం చూసే డ్రైవరుకూ అదే కారు. గోదావరి డెల్టాలో రెండు మూడు తరాలవారికి కారంటే అంబాసిడరే.

ఈ కారు పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ కంపెనీ తయారుచేసిన ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దీనికి మూలం. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాకు మారింది. 1954లో లాండ్‌మాస్టర్‌ను, 1957లో అంబాసిడర్‌ను తెచ్చింది. మొదటి ఇంజను బలం చాలకపోవడంతో 1959లో 1,489 సి.సి. పెట్రోలు ఇంజను అమర్చారు. 1960 దశకంలో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. ముందు జాలీ, దీపాలు మారాయే గాని ఆకారం మారలేదు.

డెల్టా రోడ్లకు తగిన బండి

కాలువ గట్ల మీద మట్టిరోడ్లు, వానాకాలంలో గుంతలు. ఎత్తుగా ఉండే ఈ కారు వాటిని తట్టుకుంది. వెనుక కమాను పట్టీలు బరువును ఓర్చుకునేవి. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండడం వల్ల ముందు సీటు బెంచీలా ఖాళీగా ఉండేది. ఐదుగురికని చేసిన కారులో పిల్లాజెల్లాతో ఎనిమిది మంది ఎక్కినా కదిలేది. పెట్రోలు మాత్రం గట్టిగానే తాగేది. 1980 ప్రాంతంలో డీజిల్ ఇంజను రావడంతో టాక్సీవారికి కిరాయిలో నాలుగు డబ్బులు మిగిలాయి. 1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు, రైలు వంతెన తెరిచాక కారులోనే గోదావరి దాటే వీలు కలిగింది.

చెడితే చిన్న షెడ్డులోనే బాగుచేయవచ్చు. చదువు లేకపోయినా చేతిపని తెలిసిన కుర్రవాడు ఇంజను దించి, బిగించి బతుకుతెరువు సంపాదించుకునేవాడు.

పోటీ లేక పెరగని కారు

లైసెన్సుల కాలంలో ఎన్ని కార్లు తయారుచేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. విదేశీ కార్ల దిగుమతికి అడ్డుకట్ట ఉండేది. డబ్బు కట్టినవారు కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఎలా చేసినా కొనేవారు ఉండటంతో కంపెనీకి కారును మెరుగుపరచే తొందర లేకపోయింది. బాధ పడింది కొనుగోలుదారుడే.

1983 డిసెంబరులో మారుతీ 800 రావడంతో కథ మారింది. చిన్న కారు, తక్కువ పెట్రోలు. ఇంటి అవసరానికి కొనేవారు అటు మళ్లారు. 1990 దశకంలో అంబాసిడర్‌కు జపాను ఇసుజు ఇంజను పెట్టినా ఫలితం అంతంత మాత్రమే. 2010 నుంచి హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో పొగ నిబంధనలు బిగియడం మరో దెబ్బ. 1980 దశకంలో ఏటా 20 వేలకు పైగా అమ్ముడైన కారు, చివరి సంవత్సరంలో రెండున్నర వేలు కూడా దాటలేదు.

2014 మే 24న ఉత్తరపారా ఫ్యాక్టరీలో పని నిలిచింది. సుమారు 2,500 మంది కార్మికులు వీధిన పడ్డారు. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

పాకలో పాత అంబాసిడర్ ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన తనిఖీ చేయించి, రుసుము చెల్లించి, ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. కాగితం లేని కారు ఎంత ముచ్చటైనదైనా రోడ్డెక్కితే జరిమానా తప్పదు.