కంటికి మందు కంచంలో

“పోయిన కంటి కూర” అన్నదే పొన్నగంటి కూర అయిందని మా అమ్మమ్మ చెప్పేది. మీరూ వినే ఉంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆకుకూర కంటికి మంచిదన్న పెద్దల మాటలో ఎంతో సత్యముంది సుమండీ!

పొన్నగంటి, మునగాకు, అవిశాకు, తోటకూర - వీటిలో కెరోటిన్ ఉంటుంది. దాన్నుంచి మన శరీరం ఎ విటమిను తయారుచేసుకుంటుంది. అది చాలకపోతే పిల్లలకు రేచీకటి వస్తుంది. దీపాలు పెట్టే వేళకు పిల్లవాడు గడప తట్టుకుని పడుతూంటే “కళ్ళు కనబడటం లేదా?” అని కసురుతాం. నిజంగానే కనబడటం లేదేమో! వెంటనే డాక్టరుకు చూపించండి. కెరోటిన్ ఒంటబట్టాలంటే కాస్త నూనో నెయ్యో కావాలి. అందుకని ఆకుకూర పప్పులో చెంచాడు నెయ్యి వేస్తే దుబారా అనుకోకండి.

ఇక కంట్లో వేసే మందుల సంగతి. సుశ్రుత సంహితలో నేత్రరోగాలు 76 అని చెప్పారు. అన్నిటికీ ఒకే వైద్యం చెప్పలేదు. మనమో, కన్ను ఎర్రబడితే చాలు, నందివర్ధనం పూలరసం, ఆముదం, చనుబాలు - ఏది చేతికందితే అది వేసేస్తాం. ఆ తప్పు నేనూ చేశాను. మా రెండోవాడికి కన్ను ఎర్రబడితే కండ్లకలకే కదా అని ఆకు పసరు పిండాను. మూడోనాటికి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసింది. “ఇంకా ఆలస్యం చేస్తే కన్ను దక్కేది కాదమ్మా” అన్నారు డాక్టరుగారు. కన్ను దక్కింది గాని మచ్చ మిగిలింది. వాడు పుస్తకం పక్కకు తిప్పి చదువుతూంటే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది.

పసరు ఎంత వడగట్టినా అందులో క్రిములుంటాయి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన త్రిఫల ఆయుర్వేదంలో కంటికి పేరుపొందినదే. అయినా చదువుకున్న వైద్యుని సలహాతో వాడాలి గాని, ఇంట్లో కాచిన కషాయంతో కళ్ళు కడగకూడదు. బజారులో దొరికే కొన్ని సుర్మాలలో సీసం ఉంటుంది, పసిపిల్లలకు పెట్టకండి. తొమ్మిది నెలలు నిండిన దగ్గర్నుంచి అయిదేళ్ళ వరకూ ఆరునెలలకోసారి ఎ విటమిను చుక్కలు నోట్లో వేయించడం మరవకండి.

అమ్మమ్మల మాట కంచం వరకూ పాటిద్దాం. కంట్లోకి మాత్రం రానివ్వద్దు. మరి రేపు బజారుకు వెళితే, పొన్నగంటి కూర ఒక కట్ట ఎక్కువే తెచ్చుకోండి!