కరెంట్ పోతే సముద్రపు చేపలకు గండమే.. సాల్ట్ వాటర్ అక్వేరియం ఉంటే ఇవి ఇంట్లో రెడీగా పెట్టుకోండి!

ఇంట్లో సాల్ట్ వాటర్ అక్వేరియం ఉందా? క్లౌన్ ఫిష్‌లు అటూ ఇటూ తిరుగుతుంటే చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ గాలివానకు కరెంట్ పోయి, పంపు ఆగిపోతే? కొన్ని గంటల్లోనే చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు షాపుకు పరిగెత్తినా లాభం ఉండకపోవచ్చు. సముద్రపు చేపల సామాన్లు అన్నిచోట్లా దొరకవు. పైగా తుఫాను రోజుల్లో షాపులే తెరవరు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను దెబ్బకు విశాఖలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి కరెంట్ లేకుండా ఉన్నాయి. అందుకే కావాల్సినవి ముందే ఇంట్లో ఉండాలి. అవేంటో చూద్దాం.

ముందు ఆక్సిజన్.. తర్వాతే మిగతావి

మంచినీటి కంటే ఉప్పు నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. అంటే ఎండాకాలంలో కరెంట్ పోతే డబుల్ దెబ్బ అన్నమాట. కాబట్టి మొదట కొనాల్సింది బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు. దాంతో పాటు ఎయిర్ స్టోన్, ట్యూబు, స్పేర్ బ్యాటరీలు ఉంచుకోండి. నీళ్లు ట్యూబు గుండా వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ కూడా పెట్టాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మరీ మంచిది. చిన్న ఎయిర్ పంపుకు 5 వాట్ల లోపే సరిపోతుంది. ఫ్యాన్లు, లైట్లు ఆపేస్తే 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఒక రోజుకు పైగానే నడుస్తుంది. ఏదీ లేకపోతే? మగ్గుతో ట్యాంకులోని నీళ్లు తీసి, కాస్త ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి. పైసా ఖర్చు లేదు.

ఉప్పు నీళ్లు రెడీగా ఉండాలి

ట్యాంకులో చేప చనిపోయినా, పొరపాటున ఏదైనా పడినా వెంటనే నీళ్లు మార్చాలి. 100 లీటర్ల ట్యాంకు అయితే కనీసం 20 లీటర్ల ఉప్పు నీళ్లు మూత ఉన్న డబ్బాలో కలిపి పెట్టుకోండి. లీటరు ఆర్‌ఓ నీళ్లకు సుమారు 35 నుంచి 40 గ్రాముల మెరైన్ సాల్ట్ పడుతుంది. హైడ్రోమీటర్‌లో 1.025 దగ్గర చూపించాలి. వంటింట్లోని ఉప్పు పనికిరాదు. అందులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి తగినంత ఉండవు.

ఇవి కూడా మర్చిపోవద్దు

* అమ్మోనియా టెస్ట్ కిట్: ఉప్పు నీటి పీహెచ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అమ్మోనియా విషం మరింత ఘాటుగా పనిచేస్తుంది.
* అమ్మోనియాను కట్టడి చేసే కండిషనర్: నీళ్లు మార్చేలోపు చేపలను కాపాడుతుంది.
* యాక్టివేటెడ్ కార్బన్: మందులు, కొన్ని రసాయనాలు నీటిలో కలిస్తే వాటిని పీల్చుకుంటుంది.
* ప్లాస్టిక్ టబ్బు, వల: ట్యాంకు పగిలితే చేపలను మార్చడానికి. సబ్బు తగలని కొత్త టబ్బే వాడాలి.
* ఫ్రీజర్‌లో నీళ్ల బాటిళ్లు: వేడి ఎక్కువైతే మూత బిగించి ట్యాంకులో తేలేలా వదలండి. నేరుగా ఐస్ ముక్కలు వేయొద్దు. కరిగితే నీటిలో ఉప్పు శాతం పడిపోతుంది.

ఈ తప్పులు చేయకండి

* కరెంట్ లేనప్పుడు మేత వేయొద్దు. మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది.
* గంటల తరబడి ఆగిన క్యానిస్టర్ ఫిల్టర్‌ను కరెంట్ రాగానే ఆన్ చేయొద్దు. గాలి అందక లోపల బ్యాక్టీరియా చనిపోయి, ఆ మురికి నీరంతా ట్యాంకులోకి వస్తుంది. ముందు శుభ్రం చేయండి.
* ఆవిరైన నీటి బదులు ఉప్పు నీళ్లు పోయొద్దు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆర్‌ఓ నీళ్లే పోయాలి.
* రొయ్యలు, నత్తలు ఉన్న ట్యాంకులో కాపర్ మందు వేయొద్దు. వాటికి అది ప్రాణాంతకం.
* ప్లగ్ తీయకుండా నీటిలో చేయి పెట్టొద్దు. ఉప్పు నీటిలో కరెంట్ ఇంకా సులువుగా పాకుతుంది.

వీటన్నింటినీ ఒకే డబ్బాలో సర్ది ట్యాంకు పక్కనే ఉంచండి. నెలకోసారి బ్యాటరీ పంపు ఆన్ చేసి చూడండి. టెస్ట్ కిట్‌పై ఎక్స్‌పైరీ డేట్ కూడా చెక్ చేసుకోండి. మీరు ఊళ్లో లేనప్పుడు కరెంట్ పోతే ఏం చేయాలో ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చూపించి పెట్టండి.