ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఎందుకు? ఎంత?

విశాఖపట్నం: యారాడ బీచ్‌లో ఆడుకునే పిల్లలు ఒకటి రెండు గుక్కలు సముద్రపు నీళ్లు మింగడం మామూలే. దాంతో పెద్దగా ఏమీ కాదు. కానీ దాహం వేసిందని అవే తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది మరి. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ పలుచటి పొర ఉంటుంది. ఉప్పో చక్కెరో ఎక్కువ కరిగి ఉన్న వైపుకే నీళ్లు ఆ పొర దాటి పోతాయి. పేగులో ఉప్పు ఎక్కువైతే ఒంట్లోని నీళ్లే పేగులోకి వస్తాయి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగేదీ ఇందుకే.

ఉప్పు, చక్కెర మాత్రం అంత తేలిగ్గా పొర దాటలేవు. వాటికి తలుపుల్లాంటి ప్రొటీన్లు కావాలి. చిన్నపేగులోని ఒక తలుపు సంగతి విచిత్రం. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ కలిసి వస్తేనే లోపలికి రానిస్తుంది. ఒక గ్లూకోజ్‌కు రెండు సోడియంలు. వాటి వెనకే నీళ్లూ వెళ్తాయి. లోపలికొచ్చిన సోడియంను కణం రక్తం వైపుకు తోడిపోస్తూనే ఉండాలి. ఆ పంపు నడిచేది ఏటీపీతో. 1929లో ఏటీపీని గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

కలరా వచ్చినా ఈ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిల్వలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించే ఎందరినో బతికించారు. దస్తులైతే పిల్లలకు నీళ్లు ఆపేయమనే నానీలు మాత్రం ఇంకా ఉన్నారు!

చక్కెర ఎక్కువైతే ఇంకా మంచిదేగా అనుకోవద్దు. లోపలికి పోగా మిగిలిన చక్కెర సముద్రపు ఉప్పులాగే నీళ్లను పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. డబ్ల్యూహెచ్‌వో ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న డ్రింకులు ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. ఎట్టకేలకు 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది.

లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే లెక్క తప్పినట్టే. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. పిల్లలు మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.